ఏదీ, నోరు తెరువు

మా రోజుల్లో పిల్లలకు ఎన్ని పండ్లు రాలాయో, ఎన్ని మొలిచాయో ఇంటిల్లిపాదికీ తెలిసేది. ఇప్పుడు కన్నతల్లికే తెలియడం లేదు. పదేళ్ళ పిల్లను పక్కన నిలబెట్టి, "కింది కోరపన్ను రాలిందామ్మా?" అని వాళ్ళమ్మను అడగండి. "ఏమో, చూడాల" అంటుంది. ఆ చూసేలోపల రెండేళ్ళు గడిచిపోతాయి. కర్నూలు జిల్లాలోని మా హాలహర్విలో, చుట్టుపక్కల పల్లెల్లో ఈ మధ్య నేను అడిగిన ఇళ్ళలో దాదాపు ఇదే జవాబు. ముసలాడికి పనిలేక పిల్లల పండ్లు లెక్కబెడుతున్నాడని కొందరు అనుకుంటున్నారు కూడా. అనుకోనీ. నా కోపానికి కారణం ఉంది, చెప్తాను.

మా జేజి బడి ముఖం చూడలేదు. పొద్దున్నే కట్టమీద కూర్చుని, నోట్లో ఎండ పడేట్టు మమ్మల్ని తిప్పి నిలబెట్టి, "ఏదీ, నోరు తెరువు" అనేది. బొటనవేలితో కిందిపెదవి లాగిపట్టి, చూపుడువేలితో చిగురంతా తడిమేది. ఏ పన్ను కదులుతోందో, ఏ పన్ను కింద కొత్తది గట్టిగా తగులుతోందో ఆ వేలికే తెలిసేది. కదిలేదానికి దారం కట్టడం, రాలినదాన్ని పేడముద్దలో పెట్టి మిద్దెమీదికి విసరడం పెద్దవాళ్ళ పని. రాలిన పన్ను ఎక్కడో పారేసుకుని వస్తే తిట్లు తప్పేవి కావు. పేడలో పెట్టి విసరకపోతే కొత్తపన్ను రాదని భయం. పసిబిడ్డకు పైపండ్లు ముందొస్తే మేనమామకు గండమని ఇంకో భయం. అందుకని బిడ్డకు ఆరో నెల రాకముందే అమ్మమ్మ చిగుళ్ళు తడమడం మొదలుపెట్టేది. ఈ నమ్మకాల్లో ఒక్కటీ నిజం కాదు. పైపండ్లు ముందొచ్చిన బిడ్డల మేనమామలు ముసలివాళ్ళై మనవళ్ళను ఎత్తుకోవడం నేనే చూశాను. కానీ ఆ భయం పేరు చెప్పుకునైనా పిల్లల నోట్లోకి ఇంటి పెద్దమనిషి కన్ను పడేది. నమ్మకాలు పోయినందుకు నాకు చింత లేదు. వాటితోపాటు చూడటం కూడా మానేశారు. అదీ నా బాధ.

మా చెల్లెలి మనవరాలు ఒకతి ఉంది. ఆదోనిలో డిగ్రీ చదువుతోంది. పెళ్ళిమాటలు మొదలైనప్పుడు, ముందరి పండ్లు కాస్త వరస తప్పాయని, క్లిప్పులు పెట్టించాలని ఆ పిల్లను పండ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. క్లిప్పులు పెట్టేముందు రెండు దౌడలూ ఒకే ఫిలింలో పడేట్టు ఎక్స్‌రే తీస్తారు, ఓపీజీ అంటారు. అందులో తేలింది. ఎడమవైపు కింది కోరపన్ను ఎడమవైపు లేదు. గదవ ఎముక లోపల, ముందరి నాలుగు పండ్ల వేర్ల కింద, అడ్డంగా పడుకుని ఉంది. సగానికి పైగా కుడివైపుకు దాటిపోయింది. అది మొలవాల్సిన చోట, పందొమ్మిదేళ్ళ పిల్ల నోట్లో, పాలపన్ను ఇంకా అట్లనే ఉంది, అరిగిపోయి, పొట్టిగా. ఇన్నేళ్ళూ ఆ పాలపన్నుతోనే జొన్నరొట్టె నమిలింది, శెనిక్కాయలు కొరికింది. ఒక్కనాడు నొప్పి లేదు. వాపు లేదు.

"నొప్పే లేకుంటే నోట్లో ఏం చూస్తాం మామా?" అంది ఆ పిల్ల తల్లి. నాకు తలకెక్కిన మాట ఇదే. ఈ కాలంలో నొప్పి వస్తేనే ఒళ్ళు గుర్తొస్తుంది. ఈ పన్ను సంగతేమో నొప్పి లేకుండానే నడిచిపోతుంది.

ఎముకలో పన్ను నడవడమేమిటని మొదట నేనూ నమ్మలేదు. డాక్టరును అడిగాను, దొరికిన పుస్తకాలు చదివించుకున్నాను. తెలిసిందిది. శాశ్వతపండ్లన్నీ ఎముక లోపలే పుడతాయి. లోపలినుంచి చిగురు వైపు కదులుతూ వచ్చి బయటపడతాయి. అంటే ప్రతి పన్నూ కొంత ప్రయాణం చేసేదే. వాటిలో కోరపన్నుది దూరప్రయాణం. ఎముకలో లోతుగా పుడుతుంది, అన్నిటికన్నా పొడవైన వేరు దానిది. బిడ్డకు నాలుగైదు నెలలప్పుడే దాని తల గట్టిపడటం మొదలవుతుంది. ఆరేడేళ్ళకు తల పూర్తవుతుంది. కింది దౌడలో 9, 10 ఏళ్ళకు, పైదౌడలో 11, 12 ఏళ్ళకు బయటికి వస్తుంది. నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా కింది కోరపన్ను తన దారిన తను వచ్చేస్తుంది. ఎక్కడో ఒకరిలో మాత్రం పైకి లేవాల్సింది పక్కకు వాలుతుంది. వాలాక, ఎముకలో అడ్డు తక్కువగా ఉన్న వైపుకు తల ముందు, వేరు వెనకగా జరుగుతూ పోతుంది. పాలపన్ను రాలకుండా నిలిచిపోవడం, దారిలో పంటిగడ్డో నీటితిత్తో అడ్డుపడటం, మొలక మొదటినుంచీ వంకరగా పడటం, ముందరి పండ్లు బయటికి వాలి గదవ దగ్గర ఎముక మందంగా ఉండటం, ఇట్లా పుస్తకాల్లో చాలా కారణాలే రాశారు. ఇదొక్కటే అని ఎవరూ తేల్చి చెప్పలేదు.

పసిబిడ్డ పుట్టినప్పుడు కింది దౌడ ఎముక రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటి ఏడాదిలోనే గదవ నడిమధ్యన ఆ రెండూ అతుక్కుంటాయి. ఆ నడిమి గీతను దాటి అవతలికి పోయిన పన్నుకు ట్రాన్స్‌మైగ్రేషన్ అని పేరు. 1964లో జపాన్‌లో ఆండో అనే ఆయన, ఆయన తోటివాళ్ళు పెట్టారు ఆ పేరు. తర్వాత డాక్టర్లలో వాదులాట. పన్ను పొడవులో సగమైనా గీత దాటితేనే ఆ పేరు పెట్టాలని 1985లో జావిద్ అన్నాడు. 2001లో మన దేశపు పండ్ల డాక్టరు జోషి 28 కేసులు పోగుచేసి, ఎంత దాటిందన్నది లెక్క కాదు, దాటే గుణం ఆ పన్నుకు ఉందా లేదా అన్నదే చూడాలన్నాడు. నాకు జోషి మాటే సబబనిపించింది. సగం దాటేదాకా లెక్కలోకి తీసుకోకపోతే, ఆపగలిగిన కాలమంతా దాటిపోతుంది కదా. పైదౌడలో ఈ దాటడం చాలా అరుదు. అక్కడ అంగిలి నడుమ అతుకు అడ్డం, పైన ముక్కు అడుగు దగ్గర, పక్కన గాలిగది. కింది దౌడలో ఆ అడ్డంకులు లేవు. కోరపన్ను ఒక్కటే కాదు, కింది దౌడలో రెండో చిన్నదౌడపన్ను కూడా ఎప్పుడైనా ఇట్లా దారితప్పి వెనక్కి, చెవి వైపుకు పోయిన సందర్భాలున్నాయి. గీత దాటేది మాత్రం చాలావరకు కోరపన్నే.

2002లో ఈ దాటిన పండ్లను వరసపెట్టి ఐదు రకాలుగా విడదీసిన మనిషి పేరు మురళీధర్ ముప్పరాపు. పేరు వినగానే నేను నిటారుగా కూర్చున్నాను. అమెరికాలో నోటి ఎక్స్‌రే శాస్త్రం చెప్పే ఆచార్యుడాయన, ఇప్పుడు ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ఏ దేశంలో డాక్టరైనా ఇట్లాంటి ఎక్స్‌రే చేతికొస్తే ముప్పరాపు లెక్కలో ఎన్నో రకమని రాసుకోవాల్సిందే. ఏటవాలుగా గీత దాటి ముందరి పండ్ల ముందో వెనకో ఉంటే మొదటి రకం, ఎక్కువగా కనిపించేది అదే. ముందరి పండ్ల వేర్ల కింద, దౌడ అడుగంచు దగ్గర అడ్డంగా పడుకుంటే రెండో రకం. మా పిల్లది ఇదే. అవతలి కోరపన్ను పక్కనే పోయి బయటికి మొలిస్తే మూడోది. ఇంకా ముందుకు పోయి అవతలి దౌడపండ్ల కింద పడుకుంటే నాలుగోది. గీతమీదే నిలువుగా నిలబడితే ఐదోది, చాలా అరుదు. ఒక తెలుగు పేరు ప్రపంచమంతటి డాక్టర్ల నోట్లో నలుగుతున్న విషయం మన ఊళ్ళలో ఒక్కరికీ తెలియకపోవడం నాకు నచ్చలేదు. సినిమావాళ్ళ పుట్టినరోజులకు ఫ్లెక్సీలు కట్టే కుర్రాళ్ళకు ఇట్లాంటి పేర్లు ఎవరు చెప్తారు? బళ్ళో చెప్పాలి, చెప్పడం లేదు.

మా పిల్లను చూసిన డాక్టరు చెప్పిన ఒక సంగతి విని చాలాసేపు మాట రాలేదు నాకు. పన్ను కుడివైపుకు పోయినా, దాని నరం ఎడమవైపుదే. ఎంత దూరం పోయినా పుట్టిన వైపు నరమే దానితో సాగి పోతుంది. ఆ పన్ను తీయాల్సి వస్తే, కనబడే చోట మాత్రమే మత్తుసూది వేస్తే చాలదు, పుట్టిన వైపు నరానికి వేయాలి. గుంటూరుకు మిరపకాయల కోతకు పోయిన మనవాళ్ళ రేషన్‌కార్డు ఇక్కడే ఉన్నట్టు. ఈ సంగతి తెలియని చేతుల్లో పడితే పిల్లకు నొప్పి తప్పదు.

ఇక మా ఈడు వాళ్ళంతా కట్టమీద చేరితే వచ్చే మాట ఒకటుంది. ఇప్పటి పిల్లలు బిస్కట్లు, మెత్తటి తిండి తిని పండ్లు పాడుచేసుకున్నారు, మేము సజ్జరొట్టె నమిలాం, వేపపుల్ల కొరికాం, మాకు ఈ రోగాలెక్కడివి అని. పుచ్చుపండ్ల విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను. అంగట్లో వేలాడే తీపి పొట్లాలు పిల్లల పండ్లను తినేస్తున్నాయి, సందేహం లేదు. కానీ దాటిపోయే పన్నుకూ తిండికీ ముడిపెట్టొద్దు. రొట్టె నమిలినంత మాత్రాన వాలిన పన్ను నిలబడదు. మా రోజుల్లోనూ ఈ పండ్లు ఇట్లనే దాటి ఉంటాయి. వెయ్యిమంది ఎక్స్‌రేలు తీస్తే ఒకరి నుంచి ముగ్గురి దాకా కనిపిస్తుందంటున్నారు, ఆడవాళ్ళలో కొంచెం ఎక్కువ, ఎడమవైపు కొంచెం ఎక్కువ. మా తరంలో అట్లాంటి పన్నుతో పుట్టినవాళ్ళు దాంతోనే పోయి ఉంటారు.

ఎట్లా తెలుస్తుంది మరి? రాంట్‌జన్ ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. దౌడంతా ఒకేసారి తీసే పద్ధతిని ఫిన్లాండులో పాటెరో అనే పండ్ల డాక్టరు రూపొందించాడు, అది బజారులోకి వచ్చేసరికి 1960లు. మా ఊరికి ఆ మాట చేరడానికి ఇంకెన్నో ఏళ్ళు పట్టింది. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చేదాకా మా ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్ళారి జిల్లాలోవే. జిల్లా మారి కర్నూలు అయినా, మా ఊరివాళ్ళు రోగమొస్తే బస్సెక్కేది బళ్ళారికే. పన్ను నొప్పికి లవంగం అద్దుకునేవాళ్ళం, ఉప్పునీళ్ళు పుక్కిలించేవాళ్ళం. తగ్గకపోతే సంతలో గుడ్డ పరిచి కూర్చునేవాడి దగ్గర పీకించుకునేవాళ్ళం. ఆ రోజులు మంచివని నేను చెప్పడం లేదు. పీకించుకున్న చోట చీము పట్టి మనుషులు చచ్చిపోయిన ఇళ్ళున్నాయి.

ఇప్పుడు కర్నూలులో జి. పుల్లారెడ్డి దంతకళాశాల ఉంది, బళ్ళారిలో ప్రభుత్వ దంతకళాశాల ఉంది. ఆదోనిలో, ఎమ్మిగనూరులో పండ్ల డాక్టర్లున్నారు. ఓపీజీకి అయ్యేది కొన్ని వందల రూపాయలు. ఇంకా లోతుగా చూడాలంటే సీబీసీటీ అని ఎముకను అన్ని వైపులనుంచీ చూపించేది కూడా వచ్చింది. మా జేజి కాలంలో ఇవి ఉండుంటే ఆమె వేలికి అనుమానం తగిలిన రోజే మా నాయన బండి కట్టేవాడు. ఇప్పుడు బండి కట్టే పని లేదు, గడియకొక బస్సు. అనుమానించే వేలే లేదు. యంత్రం ఎంత గొప్పదైనా దాని ముందుకు పిల్లను తీసుకుపోయేది మనిషే కదా. ఇంకో సంగతి చెప్పాలి. ఒక్క పన్నుకు తీసే చిన్న ఫిలింలో ఈ పన్ను కనబడకపోవచ్చు, అది అంత కిందికి దిగి ఉంటుంది. అందుకని "చిన్న ఎక్స్‌రేలో పన్ను లేదు, అసలు పుట్టలేదేమో" అని ఎవరైనా అంటే అంతటితో వదిలేయకండి. దౌడంతా పడే ఎక్స్‌రే అడగండి.

తొమ్మిదేళ్ళప్పుడు దొరికితే చేయగలిగింది చాలా ఉంది. మొండికేసిన పాలపన్ను తీసేస్తారు. దారిలో గడ్డ ఉంటే తొలగిస్తారు. చోటు చాలకపోతే చోటు చేస్తారు. చిగురు తెరిచి, పన్నుకు చిన్న గొలుసు అంటించి, తీగతో మెల్లమెల్లగా దాని చోటికి లాగుతారు. పన్ను నడిమి గీత వైపు ఎంత వాలిందో కొలుస్తారు. కొద్దిగా వాలితే ఆశ ఉంది. 50 డిగ్రీలు దాటి వాలిందంటే అవతలికి పోవడం దాదాపు ఖాయమట. వేరు పూర్తిగా తయారై, గీత దాటి అడ్డంగా పడుకున్నాక దాన్ని సొంత చోటికి తేవడం చాలా కష్టం. అప్పుడు మిగిలేవి కొన్నే. ఎముక కోసి తీసేయడం, వీలైతే తీసి దాని చోట నాటడం, లేదా ఏ హానీ చేయకపోతే అట్లనే వదిలి ఏటా ఎక్స్‌రే తీస్తూ కనిపెట్టుకుని ఉండటం. పక్కపండ్ల వేర్లను అది కరిగించవచ్చు, దాని చుట్టూ తిత్తి కట్టవచ్చు, అందుకని కనిపెట్టుకుని ఉండక తప్పదు. మా పిల్లకు చివరిదే చెప్పారు. ఏడాదికొకసారి ఎక్స్‌రే. ఆ పాలపన్ను ఎన్నేళ్ళు నిలిస్తే అన్నేళ్ళు. రేపు పెళ్ళయి ఏ ఊరికి పోయినా ఆ ఫిలిం కవరు వెంట పోవాల్సిందే. పదేళ్ళప్పుడు ఎవరైనా చూసి ఉంటే ఈ బరువు ఆ పిల్లకు ఉండేది కాదు.

చూడటం కష్టమైన విద్యేమీ కాదు. పాలపండ్లు 20, పైన పది, కింద పది. ముందరివి ఆరేళ్ళ నుంచి రాలతాయి. తొమ్మిదేళ్ళు నిండాక కింది కోరపండ్లు చూడాలి. ఒకవైపు రాలి కొత్తది వచ్చి, ఆరు నెలలైనా రెండోవైపు పాలపన్ను కదలకుండా ఉందంటే అనుమానించాలి. వేలితో చిగురు బయటివైపు తడిమితే లోపలి పన్ను ఉబ్బు చేతికి తగలాలి. తగలకపోతే బస్సెక్కాలి. అంతే. మా జేజికి తెలిసిన పనే ఇది, ఎక్స్‌రే ఒక్కటి తప్ప.

అయితే ఎవరు చూడాలి? ఇక్కడికొచ్చేసరికి తల్లుల మీద నా కోపం నీరుగారిపోతుంది. మా పడమటి కర్నూలు పల్లెల్లో సంక్రాంతి ముందర్నుంచే సుగ్గికి, అంటే ఊరు విడిచి కూలికి, పోవడం మొదలవుతుంది. గుంటూరు వైపు మిరపకోతలకు, తెలంగాణకు పత్తి తీయడానికి, బెంగళూరుకు కట్టడం పనులకు. తుంగభద్ర దిగువ కాలువ మా మండలం మీదుగానే పోతుంది, వేదావతి మండలంలోని గూళ్యం పక్కనే పారుతుంది. అయినా ఇళ్ళకు తాళాలే. మా రోజుల్లో కరువొస్తే పోయేవాళ్ళు. ఇప్పుడు వాన పడిన ఏడూ పోతున్నారు, అప్పు తీరక. పిల్లల్ని వెంట తీసుకుపోతే వాళ్ళుండేది చేనుగట్టున పట్టల కింద. వదిలిపోతే చూపు ఆనని అవ్వ దగ్గరో, సుగ్గి పిల్లలకని పెట్టే హాస్టల్లోనో. కోరపన్ను రాలే వయసు, బడిలో నాలుగో ఐదో తరగతి చదివే వయసు, సుగ్గి వెంట తిరిగే వయసు అన్నీ ఒక్కటే. మూడు నాలుగు నెలలు మిరపచేలో వంగి పనిచేసి వచ్చిన తల్లికి పిల్ల నోట్లో పండ్లు లెక్కబెట్టే ఓపిక ఉంటుందా? ఉండదు. నాలుగైదేళ్ళు వరసగా ఇట్లా జరిగితే పన్నెండేళ్ళ పిల్ల నోట్లో పాలపన్ను ఉందని ఎవరు చెప్పాలి?

బడి చెప్పాలని నా వాదన. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని పరీక్ష చేయడానికి డాక్టర్లు బళ్ళకు వచ్చే ఏర్పాటు ఉంది, పండ్ల జబ్బులు కూడా అందులో చేర్చారు. మంచి ఏర్పాటు. వచ్చిన డాక్టరు పుచ్చు ఉందా అని చూసేటప్పుడే రాలని పాలపన్ను కూడా రాసుకుంటే, ఒక్క పిల్లకు అరనిమిషం ఎక్కువ పడుతుంది. పిల్లలు సుగ్గికి పోకముందు, కార్తీకమాసంలోనే ఆ పరీక్ష జరగాలి. ఫాల్గుణంలో వస్తే సగం బెంచీలు ఖాళీ. ఈ మాట నేను మా బడి పంతులుకు చెప్పాను, ఆయన శ్రద్ధగా విన్నాడు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలను తనే వరసలో నిలబెట్టి చూస్తానన్నాడు. చూశాడు కూడా.

మా పక్కింట్లో పదేళ్ళ పిల్లోడున్నాడు. కుడివైపు కింది కోరపన్ను రాలి కొత్తది వచ్చేసింది, ఎడమవైపు పాలపన్ను ఇంకా రాయి మాదిరి గట్టిగా ఉంది. చిగురు తడిమితే ఏమీ తగల్లేదు. ఏమీ కాకపోవచ్చు, పన్ను ఆలస్యంగా వచ్చే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్ళమ్మకు చెప్పాను. "సుగ్గి నుంచి వచ్చినాక చూపిస్తాం తాతా" అంది. ఉగాది దాకా ఎందుకు, నేనే బళ్ళారికి తీసుకుపోయి ఎక్స్‌రే తీయిస్తాను, మీరు పనికి పోండి అన్నాను. కాసేపు ఆలోచించి సరేనంది. బస్సు చార్జీ, ఎక్స్‌రే డబ్బు మాత్రం తనే ఇస్తానంది. బేస్తవారం పొద్దున బస్సుకు పోతున్నాం.